అవ్వ ముఖం మీద చుక్క పెట్టని తమ్ముడు

సోమవారం పొద్దున మరదలు ఫోన్ చేసి, "వదినా, మీ తమ్ముడు పోయిండు" అంది. నాకంటే చిన్నవాడు. వరుసలో నిలబడే అలవాటు వాడికి మొదటి నుంచీ లేదు. ఇక తిట్టి లాభం లేదు, తిట్టే ఓపికా లేదు.

మంచిర్యాలలో కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాక, వంకరపోయిన ఫోటోలను కంప్యూటర్లో సరిచేసే లెక్కల్లో పడ్డాడు. వంకర ఫోటోలోనూ మంచి ఫోటోలోనూ ఒకే గుర్తులు వెతికి చుక్కలు పెట్టాలి. చుక్క మీద చుక్క కూర్చునేలా సూత్రం కడితే మిగతా బొమ్మంతా వాటి వెంట సర్దుకుంటుంది. "కదలనిదాని మీదనే చుక్క పెట్టాలె అక్కా" అని అన్నం ముందు కూర్చుని కూడా అదే పాట. "ముందుగాల కంచంల చెయ్యి పెట్టు" అనేది మరదలు.

వాడు పాకే వయసులోనే మమ్మల్ని కన్న అవ్వ పోయింది. ఆమెకు ఉన్నది ఒక్కటే ఫోటో, చర్చి మెట్ల మీద సంఘమంతా నిలబడి దిగినది. ముడుచుకుపోయిన ఆ కాగితాన్ని ఎవరో ఫోనుతో పక్క నుంచి తీసి పంపారు. అందులో అవ్వ ముఖం చేయి జారిన జొన్నరొట్టెలా సాగింది. అప్పటికే వాడి కిడ్నీలు చెడ్డాయి. పోయేలోగా తల్లి ముఖం చూడాలని పట్టు.

చర్చిని మళ్లీ అదే చోటు నుంచి ఫోటో తీసి, వరండా స్తంభాల మీద చుక్కలు పెట్టి, పాతదాన్ని దానికి సరిపెట్టాడు. జనమంతా ఒక పక్కకు ఒరిగారు.

"ఏందిరా, పాస్టరుతో సహా తాగొచ్చినట్టున్నరు?"

"లెక్క తప్పలే అక్కా."

"లెక్క కాదురా, వరండా. కింద బొగ్గు తీసినంక గా కొస కుంగలేదా?"

బొగ్గుబాయి మీద పుట్టి పెరిగి, స్తంభాలు కదలవనుకున్నాడు! నవ్వుకుని, చుక్కలను కుంగని తలుపు, కిటికీల మీదికి మార్చాడు.

"ముఖం మీద గూడ నాలుగు పెట్టరాదు? అద్దంల నిన్ను చూసుకొని పెట్టు, జల్ది అయితది."

"వద్దక్కా. నన్ను చూసి పెడితె నేనే వస్త. అవ్వ రావాలె."

వచ్చింది. బక్క ముఖం, ఒక కనుబొమ్మ పైకి, ఫోటో తీసేవాడి మీద విసుగు. వాడు చాలాసేపు చూశాడు.

"అచ్చం నీ లెక్కనే ఉన్నదక్కా. గిప్పుడే తిడతదా అన్నట్టున్నది."

ఆఖరిసారి చూడబోతే వాడికి రెండు మాటలకు మించి మాట్లాడే శక్తి లేదు. నేను దుప్పటి సరిచేస్తూ కూర్చున్నాను. "ఊకున్నవేంది, జర తిట్టు" అన్నాడు. మందులు మింగనందుకు, గడ్డం గీసుకోనందుకు, నాకంటే ముందు తయారైనందుకు తిట్టాను. వాడు దిండు మీద తలను మెల్లమెల్లగా జరిపి, నా ముఖానికి ఎదురుగా తెచ్చుకుని, రెప్ప వేయకుండా చూస్తూ ఉన్నాడు.