పెదనాన్న అపశ్రుతులు

పాట చెడగొట్టడంలో మా పెదనాన్నను మించినవాడు లేడు. చెడగొట్టడమంటే ఎక్కడో ఒకచోట స్వరం తప్పడం కాదు. ఎత్తుకోవడమే అటకమీద ఎత్తుకుని, రెండో చరణానికల్లా నూతిలోకి దిగి, మూడో చరణంలో ఎవరైనా తాడు వేస్తే తప్ప పైకి రాని పద్ధతి ఆయనది. పాలబ్బాయి ఆ గొంతు వినపడగానే గిన్నె గుమ్మంలో పెట్టేసి పరుగందుకునేవాడు.

నిజానికి ముసలితనం వచ్చేదాకా ఆయన పాడగా విన్నవాళ్లు లేరు. గోడగడియారాలు బాగుచేసేవాడు. మూత తీయకుండానే చెవి ఆనించి, “ఇది కుంటుతోంది” అనేవాడు. ఇంట్లో పాట పెద్దమ్మది. ఆవిడ బళ్లో పాటల టీచరు. మా వీధిలో నోరున్న ప్రతివాడికీ పాట నేర్పింది ఆవిడే. తప్పు పాడితే పక్కవీధిలో ఉన్నా వచ్చి దిద్దేది.

అలాంటి మనిషికి పార్కిన్సన్స్ వచ్చింది. ముందు కుడిచెయ్యి వణికింది, తర్వాత గొంతు సన్నబడింది. ఎదురుగా కూర్చున్నవాళ్లే “ఆఁ?” అనేవారు. డాక్టరమ్మ రోజూ గట్టిగా పాడమంది, వాడకపోతే గొంతు ఇంకా లోపలికి పోతుందని చెప్పింది. పెద్దమ్మ ఇంటికొచ్చి హార్మోనియం మీద దుప్పటి కప్పేసింది.

“ఈ గొంతుతోనా? నేనే వినలేను” అంది.

ఆ మర్నాడే పెదనాన్న పాట మొదలుపెట్టాడు. జబ్బు ఆవిడకొస్తే పిచ్చి ఈయనకెక్కిందని వీధిలో అనుకున్నారు. రేడియోలు, హార్మోనియంలు బాగుచేసే నా కొట్టు వాళ్లింటికి ఎదురుగానే. అంచేత అన్నీ నా చెవిన పడేవి.

“అది కాదండీ.”

“ఏంటీ?”

“అది కాదు!”

“మరేది?”

ఆయన చెడగొట్టిన పడవపాటలో ఆ లైను పెద్దమ్మ పాడి చూపేది.

“నేనూ అదేగా పాడింది!”

“అదేనా? చెవులు దగ్గరపెట్టుకుని వినండి!” అని మళ్లీ పాడేది, ఇంకాస్త గట్టిగా.

ఆవిడమీద జాలేసి ఒకరోజు అడిగాను. “పెదనాన్నా, ఆవిడకసలే ఒంట్లో బాగాలేదు. కాస్త పాట ఆపుకోరాదూ?”

“కళరా ఇది! ఆపుకుంటే కడుపుబ్బుతుంది” అన్నాడు.

ఇదే జబ్బున్నవాళ్లంతా బుధవారాలు గ్రంథాలయం మేడమీద కలిసి పాడేవారు. తోడొచ్చినవాళ్లు వెనక బెంచీలో కూర్చోవాలి. నేను వాళ్లకు తోడెళ్లిన రోజు పెదనాన్న ముందువరసలో కూర్చున్నాడు. ఎంతమంది పాడినా ఆయన గొంతే తేలేది, నీళ్లమీద నూనెలా.

“తాతగారూ, మీరు కొంచెం మెల్లగా...” అంది తరగతి నడిపే అమ్మాయి.

“మెల్లగా పాడితే నా తప్పులు నీకెలా వినపడతాయమ్మా?”

వెనకనుంచి ఒక కేక వినపడింది. “ముందా మనిషిని కిందికి దించండి!” అరిచింది బస్సు కండక్టరుగా చేసి రిటైరైన పెద్దాయన. ఆయన మాట ఇంట్లోవాళ్లకే అందదు. ఆ కేక ఎవరిదా అని వెనక బెంచీలోంచి ఆయన భార్యే మెడ సాచి చూసింది. పెదనాన్నకు కోపం రాకపోగా, వెళ్లి కండక్టరు చెయ్యి పట్టుకుని ఊపాడు. సిగ్గులేనితనానికి హద్దుండాలనుకున్నాను.

కానీ ఎంతటి అపశ్రుతైనా అలవాటైతే గడియారం చప్పుడులాంటిదే, చెవి పట్టించుకోదు. కొన్నాళ్లకు పెద్దమ్మ దిద్దడం మానేసింది. పెదనాన్న అటకెక్కినా నూతిలో పడ్డా, “ఆయనంతే” అన్నట్టు చెయ్యి ఊపి ఊరుకునేది. గొంతు మళ్లీ లోపలికి జారిపోయింది. ఒకరోజు ఫోన్లో ఆవిడ మాట్లాడుతుండగానే కూతురు “అమ్మా, వింటున్నావా? లైను కట్టయిందా?” అని అడిగిందట. ఆ పూట పెదనాన్న పాడలేదు. వీధికి ఏదో తక్కువైనట్టనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం, పెద్దమ్మ కునుకు తీస్తుండగా, ఆయన హార్మోనియం మోసుకుని నా కొట్టుకొచ్చాడు.

“మధ్యమం రీడు కొంచెం దించు.”

“బాగానే పలుకుతోందిగా?”

“అందుకే. చెడగొట్టు.”

నాకు ఒళ్లు మండింది. “పెదనాన్నా, బాగున్నదాన్ని పాడుచెయ్యడానికి నా చెయ్యి రాదు.”

“వస్తుందిలే. మరీ దించకు, పెట్టె పాతబడిందని వదిలేస్తుంది. వెంట్రుకవాసి చాలు. ఇదిగో, అసలుది ఇది.” కళ్లు మూసుకుని స్వరం పట్టాడు. “నాకు కావలసింది ఇదీ.” రవ్వంత కిందికి దించి నిలబెట్టాడు.

నేను పెట్టెమీద మధ్యమం మెట్టు నొక్కి చూశాను. మొదట ఆయన పట్టిన స్వరం రీడుమీద అతికినట్టు కూర్చుంది.

“పెదనాన్నా, నీకు పాడటం వచ్చా?”

“నీ పని నువ్వు చూసుకోరా.”

పెట్టె విప్పాను. రీడంటే లోపల పలికే ఇత్తడి రేకు; కొసన గీకితే స్వరం ఎక్కుతుంది, మొదట్లో గీకితే దిగుతుంది. మొదట్లో రెండుసార్లు గీకాను. బాగుచెయ్యడంకంటే అది కష్టమైన పని.

సాయంత్రం దుప్పటి తీసి, ఆ పెట్టెతో పెదనాన్న పడవపాట అందుకున్నాడు. పెద్దమ్మ చెయ్యి అడ్డంపెట్టి పెట్టె ఆపింది.

“ఏమండీ, మధ్యమం దిగింది.”

“పెట్టె అబద్ధం చెప్తుందా? నీ చెవే దిగుంటుంది.”

“నా చెవా? వినండి!” పెద్దమ్మ అసలు మధ్యమాన్ని ఊపిరున్నంతసేపూ సాగదీసి పట్టింది. ఆయన ఒప్పుకోలేదు. ఆవిడ మళ్లీ పట్టింది. వారమంతా వాళ్లింట్లో అదే యుద్ధం. చివరికొక రోజు వాళ్ల మేడమీది వసారా తలుపు దడాల్న తెరుచుకుంది.

“ఒరేయ్ రేడియో! ఈ పెట్టె ముట్టుకుంది నువ్వేనట్రా? నీకసలు చెవులున్నాయా? పనికిమాలిన మెకానిక్కూ!”

వీధి మొత్తం తలెత్తి చూసింది. నా గుమ్మంలో రేడియో పట్టుకుని నిలబడ్డ మనిషి ఆ రేడియోతోనే వెనుదిరిగాడు. ఇన్నేళ్లు కష్టపడి తెచ్చుకున్న పేరు ఒక్క ఊపిరిలో పోయింది.

ఇంతలో పెదనాన్న పెట్టె మోసుకుంటూ మెట్లు దిగొచ్చాడు. ముఖం పెళ్లికొడుకులా వెలిగిపోతోంది.

“విన్నావా?”

“ఊరంతా విన్నది.”

“నీచేత బాగుచేయించుకు రమ్మంది.”

“చెయ్యమంటావా మరి?”

పెదనాన్న మేడవైపు ఓసారి చూసి, నా బల్లమీదికి వంగి, గొంతు తగ్గించాడు.

“మధ్యమం బాగుచెయ్యి. ఈసారి గాంధారం దించు.”