ఆరాలమ్మ అడిగిన తీర్మానం

ఊరు ఆమెను ఆరాలమ్మ అనేది. అది పెట్టిన పేరు కాదు, కష్టపడి సంపాదించుకున్నది. విత్తనాల బస్తా కొంటే కుట్టు విప్పించి, పిడికెడు తీసి కొరికి చూడనిదే డబ్బిచ్చేది కాదు. దర్జీకిచ్చిన గుడ్డలో మిగిలిన ముక్కలు కూడా అడిగి తెచ్చుకునేది. నమ్మి చెడినవాడు లేడన్న సామెత పుట్టించినవాడు ఎన్నడూ సొసైటీలో సభ్యుడై ఉండడని ఆమె గట్టి నమ్మకం.

అలాంటి మనిషికి ఓ పొద్దున పిడుగులాంటి వార్త చేరింది. రైతుల పరపతి సొసైటీ ఈ ఏడు ఆమె చెల్లెలికి పంట అప్పు ఇవ్వదట. చెల్లెలిది కౌలు సేద్యం. కౌలుదారులకు అప్పులు ఆపాలని సభ్యులే తీర్మానించారట. అదను ఇంకా పది రోజులే ఉంది. ఆలోగా విత్తకపోతే పొలం యజమాని ఇంకొకరికి ఇచ్చేస్తాడు.

"ఏ సభ్యులే? మనం కామా?" అని చెల్లెల్ని వెంటబెట్టుకుని బయలుదేరింది. దారి పొడవునా అధ్యక్షుణ్ణి కడిగేసింది. నిప్పు లేనిదే పొగ రాదు, ఇవన్నీ దొంగ సంతకాలే అంది.

ఆఫీసులో కార్యదర్శి కుర్చీలు వేయించి మంచినీళ్లు తెప్పించాడు. ఆ మర్యాదకు ఆమె అనుమానం రెట్టింపైంది. నీళ్లు ముట్టకుండా తీర్మానాల పుస్తకం చూపించమంది. అతను మారుమాట లేకుండా తెచ్చి ముందు పెట్టాడు. ఇంత సులువుగా చూపించాడంటే ఇందులోనే ఏదో మతలబు ఉందనుకుంది.

పేజీ పైన తీర్మానం, కింద సంతకాలు. మూడోది ఆమెదే. ఆ చివరి వంకర ఇంకెవరి చేతికీ రాదు. దాని కింద చెల్లెలిది.

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. సర్వసభ్య సమావేశానికి ఎవరూ వెళ్లరు. హాజరు చాలదని ముసలి అటెండరు ముందే పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాడు. అందరూ సంతకాలు పెట్టేస్తారు, పైన ఏం రాయాలో ఆనక ఆఫీసువాళ్లు రాసుకుంటారు. నిరుడు ఆమె ఒక్కతే కళ్లజోడు పెట్టుకుని, పేజీని వెలుతురుకు పట్టి మరీ చూసింది. ఒక్క అక్షరం లేదు. రాత ఉంటేనే కదా మోసం అనుకుని పెట్టేసింది.

సమావేశానికి ఎందరొచ్చారని గొంతు తగ్గించి అడిగింది.

"ఏడుగురం, అమ్మా. మీరొచ్చి వద్దని ఉంటే ఆగిపోయేదే," అన్నాడు కార్యదర్శి. ఇప్పుడు రద్దు చేయాలంటే మళ్లీ సమావేశం పెట్టాలట. నోటీసు గడువుకే మూడు వారాలు పడుతుందట.

చెల్లెలు తన సంతకం కేసి అలా చూస్తూ కూర్చుంది. అరిచినా బాగుండునని ఆరాలమ్మకు ఏడుపొచ్చింది. ఆ తప్పును ఒక్కతే మోయలేక, "చదవకుండా నువ్వెందుకు పెట్టావే?" అంది.

"నువ్వు చూశావుగా అక్కా," అంది చెల్లెలు. "నువ్వు చూశాక నేనెందుకు చూస్తాను?"