అలిగిన గోళీ మిషను

రేవణసిద్ధప్ప నోట "చెడిపోయింది" అన్న మాట నేను ముప్పయ్యేళ్లలో ఒక్కసారీ వినలేదు. ఆయన దృష్టిలో మిషన్లు చెడిపోవు, అలుగుతాయి. జహీరాబాద్ బస్టాండు వెనక ఆయన రిపేరు దుకాణం నిండా అలిగిన ఫ్యాన్లు, అలిగిన ఇస్త్రీపెట్టెలు, ఝరాసంగం నుంచి షేర్ ఆటోలో ఒళ్లో కూర్చుని వచ్చిన అలిగిన టీవీలు. మా మిక్సీ కూడా ఓసారి అలిగింది. బుజ్జగించి మూడో రోజుకు మా ఆవిడ చేతిలో పెట్టాడు. ఎందుకలిగిందని అడిగితే మాత్రం ఆయనకు చెవులు వినపడవు.

మొన్న హైవే మీద చంద్రశేఖర్ సేటు హోటల్లో గోళీ మిషను అలిగింది. అసలు పేరు పిన్‌బాల్. అద్దం కింద ఉక్కు గోళీ, దాన్ని కొట్టడానికి రెండు రెక్కలు, తగిలిన చోటల్లా దీపాలు. సేటు తండ్రి ఎప్పుడో బొంబాయి నుంచి ముచ్చటపడి లారీలో తెచ్చుకున్నాడు. ఆ పొద్దున కబురందుకున్న రేవణసిద్ధప్ప వెంట నేనూ వెళ్లాను. దీపాలు వెలుగుతున్నాయి గానీ రెక్కలు కదలవు. దాన్ని ముట్టుకున్నదెవరో తేలితే ఆ పూటే పనిలోంచి తీసేస్తానని సేటు హోటలంతా దద్దరిల్లేలా అరుస్తున్నాడు. నేల తుడిచే హనుమమ్మ బకెట్ పట్టుకుని గోడకు అతుక్కుపోయింది. న్యాల్‌కల్ నుంచి రోజూ వచ్చే ఆమె ఇల్లు నడిచేది ఆ జీతంతోనే.

రేవణసిద్ధప్ప ముందు మిషను పక్కన కుర్చీ వేసుకుని చాయ్ తాగాడు. అలిగినవాళ్ల మీద వెళ్లగానే చెయ్యి వెయ్యకూడదట. తర్వాత ఫ్యూజు చూశాడు, బాగుంది. రెక్కల కాయిళ్లకు మీటరు పెట్టాడు, అవీ బాగున్నాయి. కాంటాక్టుల మధ్య కాగితం పెట్టి తుడిచినా లాభం లేకపోయింది.

"గింత అలక ఎవరి మీదనే నీకు?" అని మిషన్నే అడుగుతూ లోపలికి తల దూర్చాడు. నేను టార్చి పట్టాను.

లోపల తీగకు ఒక గుండు వేలాడుతోంది, దాని చుట్టూ ఇనుప కడియం. ఎవరైనా మిషన్ను కుదిపి తొండాట ఆడితే గుండు కడియానికి తగిలి ఆట ఆగిపోతుంది. ఇప్పుడెవరూ కుదపకుండానే తగులుకుని ఉంది. అంటే మిషను ఒక పక్కకు ఒరిగిందన్నమాట. ఇద్దరం కిందికి చూశాం. మిషను కాలి కింద ఉండాల్సిన చెక్క లేదు, ఇటుక ముక్క ఉంది. తడిసిన ఆ చెక్క హనుమమ్మ బకెట్ పక్కన ఆరుతోంది.

"దొరికిందా? ఎవరి పని?" అన్నాడు సేటు.

బయట స్కూటర్ మీదున్న సంచిలోంచి స్క్రూడ్రైవర్ తెమ్మని సేటునే పంపాడు రేవణసిద్ధప్ప. స్క్రూడ్రైవర్ ఆయన జేబులోనే ఉంది. సేటు తిరిగొచ్చేసరికి కాలి కింద చెక్క ఉంది, రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి, ఇటుక ముక్క నా సంచిలో ఉంది.

"ఎవరి పని గాదు సేటు. అలిగింది, గంతే. పొద్దుగాల కెల్లి నీ లొల్లి వింటున్నది, అలగదా మరి?"

సేటు మిషను వంక అనుమానంగా చూసి గొంతు తగ్గించాడు. "హనుమమ్మా, జర మాకు చాయ్ తెస్తవా?" అని ఆయన మెల్లగా అడగడం వినడం నాకదే మొదలు. హనుమమ్మ పరుగున వెళ్లింది.

దారిలో, అంతా తెలిసి అబద్ధమెందుకు చెప్పావని అడిగాను.

"మిషన్ అలిగితే బుజ్జగిస్త. మనిషి బువ్వ పోతె నేనేడ బాగుచేస్త?" అన్నాడు.

నాకు మా మిక్సీ గుర్తొచ్చింది. మా ఆవిడ వద్దన్నా వినకుండా అందులో శొంఠి కొమ్ములు వేసి మోటారు కాల్చింది నేనే. విప్పినవాడికి ఆ ముక్కలు కనపడకుండా ఉంటాయా? మా ఇంట్లో మాత్రం ఈ రోజుకీ అది అలిగిందనే అనుకుంటున్నారు.