కేలోన్ అన్న మాటకు అర్థం

డెబ్బయ్యవ దశకం మధ్యలో మెల్‌బోర్న్‌లోని ఒక యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థిగా చేరాను. మా ల్యాబ్ పని కేలోన్లను వెతకడం. చర్మం తెగితే కణాలు చకచకా పెరిగి గాయాన్ని పూడుస్తాయి, తర్వాత ఆగిపోతాయి. వాటిని ఆపే పదార్థం చర్మంలోనే ఉంటుందని అప్పట్లో నమ్మేవారు. దాని పేరే కేలోన్.

నా తర్వాత ఆరు నెలలకు నరసాపురం నుంచి సుగుణ వచ్చింది. ఆమె చేరిన రెండో వారమే ప్రొఫెసర్ ఆ పేరుకు అర్థమేమిటని మమ్మల్ని అడిగారు. నిరోధకం అన్నాను ఠక్కున. అది దాని పని, అర్థం కాదన్నారాయన. సుగుణ మెల్లగా చెప్పింది: హార్మోన్ అంటే గ్రీకులో ఉసిగొల్పేది, దానికి వ్యతిరేకంగా, వదులు చేయడం అనే క్రియ నుంచి ఈ మాట కట్టారు. జాలరి వలను నీళ్లలోకి దించడానికీ అదే క్రియట. వాళ్ల నాన్న పాస్టరు, బైబిల్ మూలం చదవడానికని గ్రీకు నేర్పారట.

ఆ రోజు నుంచి ప్రొఫెసర్ టీ కప్పుతో నా బల్ల దాటి ఆమె బల్ల దగ్గరికి వెళ్లేవారు. నాకు ఒళ్లు మండేది. ఒక్క మాటకు అర్థం చెప్పినందుకే ఇంత గౌరవమా! "రామ్మోహన్ గారూ, పులిహోర చేశాను, తింటారా?" అని ఆమె అడిగితే కడుపు కాలుతున్నా వద్దనేవాణ్ణి. క్రమంగా పలకరింపూ మానేశాను.

మరుసటి ఏడు సెమినార్‌లో ఆమె తన ఫలితం చూపింది. చర్మం నుంచి తీసిన సారం పోస్తే కణాల పెరుగుదల తగ్గింది. పడగొట్టాలనే లేచాను. మీ సారం కణాలను ఆపుతోందా, చంపుతోందా అని అడిగాను.

చంపుతోందని ఆమె వెంటనే ఒప్పుకుంది. నీలి రంగు పరీక్ష చేసిందట. బతికిన కణం ఆ రంగును లోపలికి రానివ్వదు, చచ్చినది పీల్చుకుంటుంది. ఆమె కణాల్లో సగానికి పైగా నీలమే. ప్రొఫెసర్ నా వైపు తిరిగి, నువ్వు ఆ పరీక్ష చేశావా అన్నారు. మా ఇద్దరిదీ ఒకే సీసాలోని సారం. నేను చేయలేదు.

మర్నాడు ఆమె రంగు సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "మూడు రోజులుగా చెబుదామనే చూస్తున్నానండీ. మీరు మాట్లాడితే గదా!" అంది.

పరీక్ష చేశాను. నా కణాలూ నీలంగానే ఉన్నాయి. ఏడాదిన్నర పని కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను. ఆమె థీసిస్ నాకంటే ముందే పూర్తయింది. అప్పుడూ అసూయ కలిగింది. అయినా వెళ్లి అభినందించాను.

తర్వాత ముప్పై ఏళ్లు ఆస్పత్రి ల్యాబుల్లో పనిచేశాను. ఇతరుల పని మీద వేయబోయే ప్రతి ప్రశ్ననూ ముందు నా పని మీద వేసుకున్నాను. చాలాసార్లు ఆ ప్రశ్న అక్కడే ఆగిపోయింది.