దిబ్బ ముందు మామ మొహం

బంగారు గనులు మూతపడిన కొన్నేళ్లకు నేను డిజిటల్ కెమెరా కొన్నాను. "మీ మామది కంపెనీ పాసులో ఉండే ఫోటో తప్ప ఇంగొకటి లేదప్పా, మంచిగా ఒకటి తియ్యి" అంది మా అత్త. మా కేజీఎఫ్‌లో బంగారం తీసేశాక మిగిలిన గని మట్టి పోసిన తెల్లటి సైనైడ్ దిబ్బకంటే గొప్ప చోటు ఏముంటుందని, మిట్టమధ్యాహ్నం మామను దాని ముందు నిలబెట్టాను.

ఆరుసార్లు తీశాను. దిబ్బ బ్రహ్మాండంగా వచ్చింది, మామ మొహం మాత్రం బొగ్గులా ఉంది. కెమెరా గురించి ఇంటిల్లిపాదికీ గొప్పలు చెప్పినవాణ్ణి, సిగ్గుతో చచ్చాను.

మామ తెరలోకి తొంగిచూసి నవ్వాడు. "గనిలో మాకూ ఇట్లే అయ్యేది. ఎదురొచ్చేవాని నెత్తిమీది దీపాన్ని చూస్తే వాని మొగం కనపడదు. దీపం ఇడిసిపెట్టి మొగమే చూడల్ల. నీ మిషన్‌కి దిబ్బ చూపించొద్దప్పా, నన్ను చూపించు."

కెమెరా ఎన్నడూ ముట్టని మనిషి! కెమెరాతో వచ్చిన పుస్తకంలో నేను నాలుగుసార్లు చదివినా తలకెక్కని స్పాట్ మీటరింగ్ అదే. వెలుతురును ఆయన మొహం మీదే కొలవమని కెమెరాకు చెప్పి నొక్కాను. దిబ్బ తెల్లగా కరిగిపోయింది. మామ మొహం బయటికి వచ్చింది, ప్రతి ముడతతో, ఎప్పుడో రాతిముక్క తగిలి నుదుటి చర్మం కింద నిలిచిపోయిన నీలిమచ్చతో.

చిన్నప్పటి నుంచీ ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను. ఆ మచ్చను చూడటం అదే మొదటిసారి.