వ్యాన్‌లో వారం రోజుల సినిమా

ఆ రోజుల్లో మాదాపూర్‌లో అద్దాల మేడలకన్నా బండరాళ్లే ఎక్కువ. అక్కడ కొత్తగా ఉద్యోగంలో చేరిన నేను, కంప్యూటర్ ముందు కూర్చునే ప్రతివాడూ మేధావేనని, అందులో నేను మరీనని గట్టిగా నమ్మేవాణ్ణి. (మా మేనేజరుకి ఆ నమ్మకం ఉండేది కాదు.) మూసాపేట నుంచి మమ్మల్ని ఆఫీసుకి చేర్చే వ్యాన్‌కి నల్గొండ వైపునుంచి వచ్చిన ఒకాయన డ్రైవరు. అందరికీ డ్రైవరన్న. ఆదివారం మ్యాట్నీకెళ్లొచ్చి, ఆ కథని సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకింత చొప్పున చెప్పేవాడు. ఏం చెప్పేవాడండీ! హీరోయిన్ ఏడిస్తే వ్యాన్ నెమ్మదించేది, ఫైటింగ్ వస్తే మేం ప్రాణాలు అరచేతిలో పెట్టుకునేవాళ్లం. కథ సరిగ్గా ఆఫీసు గేటు దగ్గర ఆగేది. ఇక రోజంతా ప్రోగ్రాము రాస్తున్నా, తప్పిపోయిన పిల్ల తండ్రికి దొరికిందో లేదోనన్న బెంగే.

ఒకసారి ఆయన చెబుతున్న సినిమాని వారం మధ్యలో నేనూ చూసొచ్చాను. శుక్రవారం ఆయన, చివర్లో అన్నదమ్ములు కలిసిపోయి తల్లి వడ్డించిన ఒకే కంచంలో తింటారని చెబుతుంటే, మా అకౌంట్స్ ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది. నాలోని మేధావి ఊరుకోలేదు.

"అలా లేదన్నా. తమ్ముడు చచ్చిపోతాడు. అసలా కంచమే లేదు."

ఆయన గేరు మార్చాడు. సోమవారం కథ లేదు. మంగళవారమూ లేదు. ముహూర్తం వేళ తుమ్మినవాణ్ణి చూసినట్టు చూశారు నన్నందరూ. ఉదయాలు అంత పొడుగ్గా ఉంటాయని నాకప్పుడే తెలిసింది.

బుధవారం అందరికన్నా ముందు వెళ్లి, తప్పయిపోయిందని చెప్పాను. ఆయన వ్యాన్ అద్దం తుడుస్తూనే ఉన్నాడు.

"తప్పేముంది సార్. నేను ఇంటర్వెల్ దాంకనే చూస్త. ఐతారం నాలుగున్నరకు డ్యూటీ ఉంటది. మిగిలిన సగం గిట్లయితే మంచిగుండు అని నేనే అల్లుకుంట."

ఇన్నాళ్లూ నేను బెంగపెట్టుకున్న కథల్లో సగం ఈయన సొంతమన్నమాట! నాకు కుళ్లు పుట్టింది, దండం పెట్టాలనీ అనిపించింది. వ్యాన్ కదలగానే, ఆ రోజు సెకండాఫ్‌లో నేను నిద్రపోయానని, డ్రైవరన్న చెప్పిందే కరెక్టని అందరికీ వినబడేలా ఒప్పుకున్నాను. అకౌంట్స్ ఆవిడ, తను అప్పుడే అనుకున్నానంది. డ్రైవరన్న అద్దంలోంచి నావైపొకసారి చూసి, గొంతు సవరించుకుని, ఈ వారం సినిమా మొదలుపెట్టాడు.

ఆ ఆఫీసులో ఉన్నన్నాళ్లూ నా పేరు నిద్రమొహమే. తర్వాత చాలా హోదాలు వచ్చాయి గానీ, అంత న్యాయంగా సంపాదించుకున్నది మాత్రం ఇంకోటి లేదు.