రేవు పాట, పనసపొట్టు కూర

అమలాపురంలో మా మెస్సుకి బోర్డు చూసి వచ్చేవాళ్లకంటే ఫోను చూసి వచ్చేవాళ్లే ఎక్కువ. ఊరికి కొత్తవాళ్లు భోజనం కోసం వెతికితే మొదట మేమే కనిపించేవాళ్లం. ఆ వెతికిపెట్టే పెద్ద కంపెనీ ఏడాది కిందట డబ్బు కట్టినవాళ్లను పైకెక్కించి, మమ్మల్ని అడుక్కి తోసేసింది. మధ్యాహ్నం సగం బల్లలు ఖాళీ. మెస్సు మూసేయాల్సి వస్తుందేమోనని నాకు నిజంగానే భయం పట్టుకుంది.

అప్పుడే పేపర్లో పడింది, చిన్న వ్యాపారులను కాపాడటానికి ప్రభుత్వం ఆ కంపెనీ మీద కేసు పెట్టిందని. ఇన్నాళ్లకు ప్రభుత్వానికి నేను గుర్తొచ్చానని పొంగిపోయి మావయ్యగారికి చదివి వినిపించాను. ఆయన పాతికేళ్లు గోదావరి రేవులో టిక్కెట్లు చింపిన మనిషి.

"రేవుకి వేలం పాట పెట్టి ఒక్కడికే కట్టబెట్టేది ఎవరమ్మా? గవర్నమెంటే. రెండో పడవ తిరక్కుండా చూసేదీ వాళ్లే. పాటగాడు మాట విన్నన్నాళ్లూ రేటు ఎంత పెంచినా పలికేవారు కాదు. వినకపోతే మాత్రం జనం గుర్తొచ్చేసేవారు. కేసు రాసేసేవారు. దాంతో పాటగాడు దారికొచ్చేవాడు. మర్నాటి నుంచి ఆఫీసర్ల జీపులు ముందు ఏరు దాటేవి, జనం గట్టు మీదే ఉండేవారు. ఈ కంపెనీ కూడా ఏదో మాట వినుండదు."

పెద్దాయనకి లోకమంతా రేవులాగే కనిపిస్తుందని నవ్వుకున్నాను.

నెల తిరక్కుండా మా ఎదురు హాల్లో ఆ కేసు గురించి ప్రభుత్వ ఆఫీసర్లు మీటింగు పెట్టారు. మన మేలు కోరి వచ్చినవాళ్లను భోంచేస్తారా అని అడగడం మా వైపు మర్యాద కాదు, వండేయడమే. పొద్దున్నే కూర్చుని రెండు పనసకాయలు పొట్టు కొట్టి, ఇరవై మందికి ఆవ పెట్టి కూర చేశాను. చేతులు బొబ్బలెక్కాయి.

మీటింగులో లేచి, "మా మెస్సు మళ్లీ పైకొస్తుందాండీ?" అని అడిగాను.

"మీలాంటివాళ్ల కోసమేనండీ ఈ కేసు," అన్నారు ఆఫీసరుగారు. ఫిర్యాదు ఫోన్లోనే పంపాలన్నారు. దానికి ఆ కంపెనీ మెయిల్ అకౌంటే ఉండాలట.

భోజనాలకు పిలుద్దామని నోరు తెరిచేలోపే పార్సిళ్లు దిగాయి.

"ఇక్కడ పనసపొట్టు కూర బాగుంటుందన్నారండీ. ఫోన్లో వెతికి, మొదట వచ్చిన హోటల్నుంచే తెప్పించేసేం. మీరూ ఒకటి తీసుకోండి," అన్నారాయన ఎంతో ఆప్యాయంగా.

కాదంటే బాగుండదని తీసుకున్నాను.

మెస్సులో మావయ్యగారు ఒక్కరే విస్తరేసుకుని కూర్చున్నారు. నా చేతిలో పార్సిలు చూశారు.

"జీపు దాటేసిందామ్మా?"

"ఆయ్, దాటేసిందండీ."

"సరే, మన కూర వడ్డించు."

ఇరవై మంది కూర ముందు ఇద్దరం కూర్చున్నాం. నాకు ఏడుపొచ్చింది. కూర మాత్రం బాగా కుదిరింది.